కుంగిపోయిన స్కూటర్ సీటును ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. తెనాలి నుంచి బడి ఉన్న ఊరికి రానూ పోనూ రోజుకు 46 కిలోమీటర్లు యాక్టివా మీదే వెళ్తాను. బండి కొని ఏడేళ్లయింది. మొదటి నాలుగేళ్లు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత సీటు కుంగింది. రెండేళ్లుగా తోక ఎముక దగ్గర నొప్పి. బడికి వెళ్లాక పది నిమిషాలు నిలబడితే గానీ కుర్చీలో కూర్చోలేను. సీట్లు కుట్టే షాపులో పైన రెండు అంగుళాల స్పాంజి వేయించాను. మొదటి వారం హాయిగా ఉంది, తర్వాత ముందుకంటే ఎక్కువైంది. పైగా నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం, ఇప్పుడు కాళ్లు సరిగా ఆనడం లేదు. జెల్ కవర్ కొన్నాను, ఎండలో కాలిపోతోంది. మా వారు కొత్త సీటు కొనేయమంటున్నారు. ఇంట్లోనే ఓపిగ్గా చేసుకునే దారి ఉందా? నాకు కుట్టుపని వచ్చు, స్పానర్ పట్టడం మాత్రం కొత్త.

జవాబు:

టీచర్ గారూ, ఉంది. కుట్టుపని వచ్చిన చేతికి ఇది కష్టమైన పని కాదు. అయితే ముందు ఒక్క విషయం ఒప్పుకోవాలి: మీ సీటుకు మెత్తదనం తక్కువై నొప్పి రావడం లేదు. మెత్తదనం ఎక్కువై వస్తోంది. "మొదటి వారం హాయిగా ఉంది, తర్వాత ముందుకంటే ఎక్కువైంది" అన్నారు చూడండి, అసలు సంగతంతా ఆ మాటలోనే ఉంది.

మనం కూర్చున్నప్పుడు బరువు మోయాల్సినవి పిరుదుల కింద ఉండే రెండు ఎముకలు. గట్టి బల్ల మీద కూర్చుని అటూ ఇటూ ఊగితే అవి స్పష్టంగా తెలుస్తాయి. తోక ఎముక వాటికి వెనక, కాస్త పైన ఉంటుంది. సీటు గట్టిగా నిలబడితే బరువు ఆ రెండు ఎముకల మీద ఆగుతుంది, తోక ఎముక తేలికగా ఉంటుంది. ఫోమ్ మరీ మెత్తగా ఉంటే ఆ రెండు ఎముకలూ లోపలికి దిగబడిపోతాయి. చుట్టూ ఉన్న స్పాంజి పైకి పొంగి తోక ఎముకను ఒత్తుతుంది. ఇంకా దిగితే ఎముకలు అడుగునున్న ప్లాస్టిక్ పలకకు తగులుతాయి. అప్పుడు గుంత వచ్చిన ప్రతిసారీ దెబ్బ నేరుగా వెన్నులోకి వెళ్తుంది. షాపతను వేసిన రెండు అంగుళాల స్పాంజి కొత్తలో కాస్త ఎదురు నిలిచింది. వారం తిరిగేసరికి అణిగింది. అడుగున పాత కుంగుడు అలాగే ఉంది, పైన కొత్త గొయ్యి తోడైంది.

నేను ఇదే తప్పు మా అక్క బండికి చేశాను. ఆమె నడుము నొప్పి చూడలేక పరుపు కొట్లో దొరికిన మెత్తటి స్పాంజి తెచ్చి, మందంగా వేసి కవర్ బిగించాను. మూడో రోజు రైల్వే గేటు దగ్గర ఆగబోయి, కాలు నేలకు అందక బండితో సహా పక్కకు ఒరిగింది. మోచెయ్యి గీసుకుపోయింది. సీటు ఎత్తు ఒక సెంటీమీటరు పెరిగితే ఏమవుతుందిలే అనుకున్న నాకు, పొట్టిగా ఉన్నవాళ్లకు ఆ సెంటీమీటరు ఎంత విలువైనదో ఆ రోజు తెలిసింది. అందుకే మీ విషయంలో సీటు ఎత్తు పెంచే మాటే వద్దు. వీలైతే తగ్గిద్దాం.

సీటు విప్పే ముందు రెండు మూడు చూసుకోండి. టైర్లలో గాలి ఎంతుంది? యాక్టివాకు ముందు టైరులో 22, వెనక టైరులో ఒక్కరికైతే 29, ఇద్దరికైతే 36 పీఎస్ఐ ఉండాలి. పెట్రోల్ బంకులో అడగకపోతే రెంటికీ ఒకే లెక్కన గట్టిగా కొట్టేస్తారు. టైరు రాయిలా ఉంటే ఎంత మంచి సీటయినా లాభం లేదు. రెండోది వెనక షాక్ అబ్జార్బర్. బండి వెనక భాగాన్ని చేత్తో గట్టిగా కిందికి నొక్కి వదలండి. ఒక్కసారి లేచి ఆగాలి. రెండు మూడు సార్లు ఊగినా, చుట్టూ నూనె కారిన మరక కనిపించినా అది మార్చాల్సిందే. ఏడేళ్ల బండికి, అందులోనూ పల్లె రోడ్లలో తిరిగినదానికి, అది అయిపోయి ఉండే అవకాశం బాగానే ఉంది.

ఇంకొకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. నొప్పితో పాటు కాళ్లలోకి తిమ్మిర్లు పాకుతున్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా నొప్పి వదలకపోయినా, ఎప్పుడైనా జారి కూర్చున్న చోట దెబ్బ తగిలి ఉన్నా ముందు ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. సీటు పని వారం ఆగినా ఫర్వాలేదు. రెండేళ్ల నొప్పి అంటున్నారు కాబట్టి ఎలాగూ ఒకసారి చూపించుకోవడమే మంచిది.

కొత్త సీటు సంగతి. మీ వారి మాటలో న్యాయం ఉంది. మొదటి నాలుగేళ్లు ఇబ్బంది లేదంటే కంపెనీ సీటు ఆకారం మీకు మరీ పడనిదేమీ కాదు. కొత్త సీటు పెడితే ఉపశమనం వస్తుంది, మళ్లీ నాలుగైదేళ్లకు ఇదే కథ. తీరిక లేదనుకుంటే అదే చేయండి, తప్పులేదు. కానీ కంపెనీ సీటు అందరికీ కలిపి చేసింది. మీ ఎత్తుకు, మీ ఎముకల మధ్య దూరానికి, మీ తోక ఎముకకు తగ్గట్టు చేసింది కాదు. ఆ తేడా ఇంట్లోనే తీర్చుకోవచ్చు.

ముందు కొలత తీసుకుందాం. గట్టి స్టూలు మీద అట్టపెట్టె ముక్క ఒకటి పరవండి. టీవీకో ఫ్రిజ్‌కో వచ్చే, మధ్యలో మడతలు మడతలుగా ఉండే మందపు అట్ట అయితే మంచిది. దాని మీద పల్చటి బట్టలతో కూర్చుని, స్కూటర్ మీద వంగినంతగా ముందుకు వంగి, చేతులతో స్టూలును పట్టుకుని ఒక్కసారి కిందికి గట్టిగా ఒత్తుకోండి. లేచి అట్టను ఏటవాలుగా వెలుతురులో చూస్తే రెండు గుంతలు కనిపిస్తాయి. వేలితో తడిమినా తెలుస్తుంది. వాటి నడిమధ్యలను పెన్సిల్‌తో గుర్తుపెట్టి దూరం కొలవండి. సాధారణంగా 10 నుంచి 14 సెంటీమీటర్ల మధ్య వస్తుంది. ఈ అట్ట జాగ్రత్త, మొత్తం పనికి ఇదే పటం.

తర్వాత స్కూటర్ మీద మీరు రోజూ కూర్చునే చోట కూర్చోండి. పక్కన ఇంకొకరిని ఉంచుకుని, మీ తోక ఎముక ఎక్కడ ఆనుతోందో సీటు మీద సుద్దముక్కతో గీత గీయించండి. ఈ సుద్ద గీత, ఆ అట్ట కలిపితే ఎక్కడ గట్టిపరచాలో, ఎక్కడ కోసేయాలో తేలిపోతుంది.

ఇక సరుకు. మీకు రెండు రకాల ఫోమ్ కావాలి. ఒకటి రీబాండెడ్ ఫోమ్. ఫోమ్ తుక్కును జిగురుతో కలిపి అచ్చులో నొక్కి చేస్తారు, రంగురంగుల ముక్కలు అతికినట్టు కనిపిస్తుంది. గట్టి పరుపుల్లో వాడేది ఇదే. అడుగున బరువు మోసేది ఇదే కావాలి. రెండోది పైపొరకు, 40 డెన్సిటీ మామూలు ఫోమ్, ఒక సెంటీమీటరు మందం చాలు. పరుపుల కొట్లో అడిగితే కోతల్లో మిగిలిన ముక్కలు ఇస్తారు. అక్కడ దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్‌లో సీట్లు చేసేవాళ్ల దగ్గర అడగండి.

కొట్టువాళ్లు "40 డెన్సిటీ" అని ఏదో ఒకటి చేతిలో పెడతారు. దాన్ని ఇంట్లో సరిచూసుకోవచ్చు. 40 డెన్సిటీ అంటే ఘనపు మీటరు ఫోమ్ 40 కిలోలు తూగుతుందని. అంటే పొడవు, వెడల్పు, మందం 10 సెంటీమీటర్లు ఉన్న ముక్క 40 గ్రాములు తూగాలి. 30 సెంటీమీటర్ల చదరంలో రెండున్నర సెంటీమీటర్ల మందం ముక్క తెచ్చారనుకోండి, 40 డెన్సిటీదైతే 90 గ్రాములు ఉండాలి. అదే కొలతలో 100 డెన్సిటీ రీబాండెడ్ అయితే 225 గ్రాములు. వంటింటి చిన్న కాటా మీద పెట్టి చూస్తే చాలు. 60 గ్రాములే తూగితే అది దిండ్లలోకి పనికొచ్చే సరుకు, సీటుకు కాదు. డెన్సిటీ, గట్టితనం ఒకటి కావని కూడా గుర్తుంచుకోండి. డెన్సిటీ ఎక్కువైతే ఎక్కువ కాలం అణగకుండా నిలుస్తుంది. గట్టితనం మాత్రం బొటనవేలితో నొక్కే తెలుసుకోవాలి.

ఫ్రిజ్ పెట్టెల్లో వచ్చే తెల్లటి ప్యాకింగ్ ఫోమ్ వాడొద్దు. నెల తిరక్కుండానే పగిలి చదునైపోతుంది. జెల్ షీట్ గురించి మీరే చెప్పారు, ఎండను తాగి వదలదు. మన వైపు ఏప్రిల్, మే ఎండల్లో అది సీటు మీద ఉండాల్సిన వస్తువు కాదు.

వీటితో పాటు సింథటిక్ రబ్బర్ జిగురు చిన్న డబ్బా (ఫెవికాల్ ఎస్ఆర్ రకం, చెక్కకు వాడే తెల్లది కాదు), పల్చటి పాలిథిన్ షీటు, కొత్త ఆక్సా బ్లేడు ఒకటి, గరుకు ఉప్పుకాగితం, నోస్ ప్లయర్, సన్న స్క్రూడ్రైవర్, పిన్నులు కొట్టే చేతి గన్, అందులోకి 6 మిల్లీమీటర్ల పిన్నులు. గన్ కొనక్కర్లేదు, ఏ ఎలక్ట్రీషియన్ దగ్గరో సోఫా పనివాళ్ల దగ్గరో అరువు దొరుకుతుంది. మిగతాదంతా కలిపి నాకు పోయినసారి వెయ్యి లోపే అయింది.

సీటు విప్పడం చూసి భయపడకండి. సీటు ఎత్తితే ముందు వైపు కీలు దగ్గర రెండు నట్లు కనిపిస్తాయి. సరిపోయే స్పానర్ పెట్టి ఎడమకు తిప్పితే వదులవుతాయి. ఆఖరి నట్టు తీసేటప్పుడు సీటును ఒకరు పట్టుకోవాలి. బోర్లా తిప్పితే కవర్ అంచు చుట్టూ పిన్నులు వరసగా ఉంటాయి. ముందు ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీసుకోండి. మూలల దగ్గర మడతలు ఎటు నుంచి ఎటు వేశారో తర్వాత ఎంత గుర్తుచేసుకున్నా గుర్తురాదు. పిన్ను కింద స్క్రూడ్రైవర్ మొన దూర్చి కొంచెం లేపి, నోస్ ప్లయర్‌తో లాగండి. వంద దాకా ఉంటాయి, గంట పడుతుంది. కింద పాత దుప్పటి పరుచుకుని, పీకిన ప్రతి పిన్నునూ డబ్బాలో వేయండి. ఒక్కటి గచ్చు మీద మిగిలినా పిల్లల కాలికో మీ టైరుకో గుచ్చుకుంటుంది. అడుగు పలకకున్న రబ్బరు బుడిపెలు ఊడితే దాచండి. సీటు బరువు బండి మీద ఆనేది వాటి మీదే. అవి పోతే గడగడ చప్పుడొస్తుంది, పలక కూడా పగులుతుంది.

కవర్ తీయగానే షాపతను వేసిన రెండంగుళాల స్పాంజి కనిపిస్తుంది. దాన్ని పూర్తిగా తీసేయండి. కింద కంపెనీ ఫోమ్ ఉంటుంది. కూర్చునే చోట పసుపు తిరిగి, వేలు పెట్టి గీకితే పొడిపొడిగా రాలుతుంటే అది చచ్చిపోయిన ఫోమ్. ముందు, పక్కల, వెనక కూర్చునేవాళ్ల చోట మాత్రం బాగానే ఉంటుంది. బాగున్నదాన్ని ముట్టుకోవద్దు. తడిగా అనిపిస్తే పని ఆపి, నీడలో గాలి ఆడేలా నిలబెట్టి రెండు మూడు రోజులు ఆరనివ్వండి. తడి ఫోమ్‌కు జిగురు అంటదు.

ఇప్పుడు అసలు పని. అట్ట మీది గుర్తులను ఫోమ్ మీదికి ఎక్కించండి. రెండు ఎముకల గుర్తులూ లోపల పడేలా, చుట్టూ ఐదారు సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా స్కెచ్ పెన్‌తో గుండ్రటి మూలలున్న చతురస్రం గీయండి. అంత మేర మూడు సెంటీమీటర్ల లోతున కోసి తీసేయాలి. ఆక్సా బ్లేడును చేత్తో పట్టుకుని, ఒత్తకుండా, రొట్టె కోసినట్టు పొడవుగా ముందుకూ వెనక్కూ లాగండి. ఒత్తితే ఫోమ్ అణిగి కోత వంకరపోతుంది. అడుగు ఎగుడుదిగుడుగా వస్తే ఉప్పుకాగితంతో రుద్దితే చదునవుతుంది.

ఆ గోతిలో సరిగ్గా పట్టేట్టు రీబాండెడ్ ముక్క కోసి దించండి. మందం రెండున్నర సెంటీమీటర్లు. దాని మీద ఒక సెంటీమీటరు 40 డెన్సిటీ ఫోమ్. పై ఫోమ్‌ను గోతి అంచులు దాటి నాలుగు వేళ్లు బయటికి పరిచి, చివరలను ఉప్పుకాగితంతో కాగితమంత పల్చగా రుద్దేయాలి. ఈ చివరలు పల్చన చేయడంలో బద్ధకించకండి. అంచు నిటారుగా వదిలేస్తే కవర్ పైనుంచి గీతలా తేలుతుంది. పది కిలోమీటర్లు పోయేసరికి ఆ గీత తొడకు తాడులా కోసుకుంటుంది.

మూడు సెంటీమీటర్లు తీసి మూడున్నర పెట్టాం. బరువు పడితే పైపొర సగం అణుగుతుంది. అంటే కూర్చున్నాక ఎత్తు పెరగదు. స్పాంజి తీసేసిన ఆ రెండంగుళాలూ మీకు మిగిలినట్టే.

తోక ఎముకకు దారి ఇవ్వాలి కదా. రీబాండెడ్ ముక్క వెనక అంచు నుంచి ముందుకు, సుద్ద గీత పడిన చోట, ఐదారు సెంటీమీటర్ల వెడల్పున, ఒకటిన్నర సెంటీమీటర్ల లోతున కాలవలా తీయండి. పైపొరను మాత్రం కోయొద్దు, కాలవ మీదుగా అది అలాగే సాగిపోవాలి. పైకి చూస్తే సీటు మామూలుగానే ఉంటుంది. కూర్చుంటే మాత్రం తోక ఎముక కింద ఖాళీ ఉంటుంది. కాలవ వెడల్పు మీ అట్ట మీది గుంతల మధ్య దూరంలో సగానికి మించకుండా చూసుకోండి. ఎక్కువైతే ఎముకలు కాలవ అంచుల మీద కూర్చుంటాయి, అప్పుడు ఇంకో నొప్పి మొదలవుతుంది.

కాళ్లు ఆనడానికి ఇంకో కిటుకు ఉంది. సీటు ఎత్తు తగ్గించడం కన్నా ముందు భాగం వెడల్పు తగ్గించడం ఎక్కువ పనిచేస్తుంది. బండి ఆపినప్పుడు తొడలు సీటు పక్కల మీదుగా కిందికి దిగుతాయి. ఆ పక్కలు వెడల్పుగా ఉంటే కాళ్లు చాచుకుపోయి మడమ లేస్తుంది. తొడలు దిగే చోట రెండు వైపులా ఒక సెంటీమీటరు, మహా అయితే ఒకటిన్నర, గుండ్రంగా చెక్కేయండి. మా అక్క బండికి రెండోసారి చేసింది ఇదే. మునివేళ్ల మీద నిలబడే మనిషి పాదం మొత్తం ఆనించింది. రెండు పక్కలా సమానంగా రావడానికి ఒక వైపు చెక్కాక కాగితం మీద దాని అంచు గీసుకుని, కత్తిరించి, బోర్లా తిప్పి రెండో వైపు పెట్టి చూసుకోండి. జాకెట్టు ముక్కలు కోసేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

ఇంకా వాలు సంగతి ఉంది. మీరు ముందుకు జారుతున్నానని రాయలేదు గానీ, ఒకసారి గమనించండి. బ్రేకు వేసినప్పుడల్లా జరిగి, మళ్లీ వెనక్కి సర్దుకుంటున్నారా? సింథటిక్ చీర, నున్నటి రెగ్జిన్, ముందుకు వాలిన సీటు, ఈ మూడూ కలిస్తే దారి పొడుగునా జారుతూనే ఉంటాం. జారకుండా నడుము బిగబట్టుకుంటాం, సాయంత్రానికి నడుము కూడా తోడవుతుంది. సీటును బండికి తగిలించి, దాని మీద పరీక్షల అట్ట పెట్టి, అట్ట మీద గోళీ వదలండి. గోళీ ముందుకు దొర్లిపోతే వాలు ఉన్నట్టు. ఇది సెంటర్ స్టాండ్ వేసి చూడకండి. స్టాండ్ వేస్తే వెనక చక్రం గాల్లోకి లేచి బండే ముందుకు వాలుతుంది, లెక్క తప్పుతుంది. చక్రాలు రెండూ నేల మీద ఉండగా ఒకరు హ్యాండిల్ నిటారుగా పట్టుకోవాలి. వాలు ఉంటే ముందు భాగం ఎత్తు పెంచకండి, కాళ్లు మళ్లీ అందవు. కూర్చునే చోటు వెనక సగాన్ని అర సెంటీమీటరు, ముప్పావు సెంటీమీటరు చొప్పున రుద్దుతూ దించండి. ఎముకల కింద ఫోమ్ అంతా కలిపి నాలుగైదు సెంటీమీటర్లకు తగ్గకూడదు.

ఇప్పుడు నా మాట వినండి, వెంటనే జిగురు పూయొద్దు. ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. పొరలు విడిగా పేర్చి, పాత కవర్ తొడిగి, చుట్టూ పన్నెండు పదిహేను పిన్నులు మాత్రం కొట్టి, సీటు బిగించి, లాక్ సరిగా పడుతోందో లేదో చూసుకుని రెండు రోజులు బడికి వెళ్లి రండి. అయిదు నిమిషాలు కూర్చుని బాగుందనుకోవడం వేరు, 23 కిలోమీటర్ల తర్వాత ఎలా ఉందన్నది వేరు. మొదటి రోజు గట్టిగా ఉన్నట్టే అనిపిస్తుంది, రెండేళ్లు మెత్తటిదానికి అలవాటుపడ్డారు కదా. బడి దగ్గర దిగాక ఎలా ఉందన్నదే అసలు లెక్క. వెంటనే కుర్చీలో కూర్చోగలిగితే పని ఫలించినట్టు. ఒక వైపే నొప్పి వస్తే ఆ వైపు కాస్త ఎత్తుగా ఉందని అర్థం, విప్పి రుద్దండి. మూడుసార్లు విప్పాల్సి వచ్చినా విసుక్కోకండి, జిగురు పెట్టలేదు కాబట్టి ఏమీ పాడవదు.

కుదిరాక జిగురు. వాకిట్లోనో డాబా మీదో పెట్టుకోండి, వంటింట్లో మాత్రం వద్దు. ఆ జిగురు ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. అతికే రెండు ముఖాలకూ పల్చగా పూసి పది పదిహేను నిమిషాలు ఆగండి. వేలు పెడితే జిగటగా ఉన్నా వేలికి అంటుకోకూడదు. అప్పుడు పెట్టి నొక్కితే పట్టేస్తుంది, మళ్లీ జరపడం కుదరదు. అందుకని ఒక అంచు ముందు ఆనించి, మెల్లగా పరుచుకుంటూ రండి. మందంగా పూస్తే ఆరాక అట్ట కట్టి, కూర్చుంటే గట్టి పొరలా తెలుస్తుంది.

కవర్ విషయంలో మీ కుట్టుపని అక్కరకొస్తుంది. పాతది బాగుంటే అదే వాడుకోవచ్చు. చిరుగులుంటే కుట్లు విప్పి ముక్కలను నమూనాగా పెట్టుకుని కొత్త రెగ్జిన్ కత్తిరించండి. నున్నగా మెరిసేది కాకుండా గరుకు గింజ ఉన్నది తీసుకోండి. అడుగున బట్ట పొర ఉండి అన్ని వైపులా సాగేదైతే ఇంకా మంచిది. కూర్చునే చోట కుట్టు రాకుండా చూసుకోండి. వాన నీళ్లు దిగేది కుట్టు రంధ్రాల్లోంచే. ఫోమ్ మీద ముందు పాలిథిన్ షీటు ముడతలు లేకుండా కప్పి, దాని మీద కవర్ వేయాలి. ఇంటి కుట్టు మిషన్ మీద రెగ్జిన్ జరగకపోతే పాదం కింద పల్చటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత చింపేయండి. కుట్టు కొంచెం పొడవుగా పెట్టుకోండి. దగ్గరదగ్గరగా కుడితే రెగ్జిన్ ఆ గీత మీదే చిరుగుతుంది.

బిగించే ముందు కవర్‌ను అరగంట ఎండలో వేయండి. వేడికి సాగుతుంది, చల్లారాక బిగుసుకుంటుంది. ముందు మధ్యలో రెండు పిన్నులు, వెనక్కి లాగి వెనక మధ్యలో రెండు, తర్వాత కుడి మధ్య, ఎడమ మధ్య. అక్కడినుంచి అటొకటి ఇటొకటి కొట్టుకుంటూ మూలల వైపు రావాలి. ఒక వైపంతా కొట్టేసి రెండో వైపుకు వెళ్తే కవర్ మెలి తిరుగుతుంది. మూలల్లో ఒకే పెద్ద మడత కాకుండా నాలుగైదు చిన్న మడతలు వేయండి, మీరు తీసుకున్న ఫొటోలు ఇక్కడ పనికొస్తాయి. చెక్కిన పక్కల దగ్గర కవర్ వదులవుతుంది, అక్కడ ఇంకాస్త కిందికి లాగాలి.

చేతి గన్‌తో ప్లాస్టిక్ పలకలోకి పిన్ను పూర్తిగా దిగకపోవచ్చు. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో ఆ చోటు కాస్త వేడి చేస్తే దిగుతుంది. అప్పటికీ వంగిపోతుంటే పంతం పట్టకండి. పదిహేను పిన్నులతో నిలబెట్టిన సీటును షాపుకు తీసుకెళ్లి, కంప్రెషర్ గన్‌తో చుట్టూ కొట్టివ్వమనండి. పది నిమిషాల పని. లోపల ఏముందో విప్పి చూడొద్దని, పైన ఇంకో పొర వేయొద్దని మాత్రం గట్టిగా చెప్పండి. వేస్తానంటాడు.

బిగించాక సీటు మూసి, చేత్తో ముందుకూ వెనక్కూ, పక్కలకూ లాగి చూడండి. కదలకూడదు. పిల్లలెవరైనా వెనక కూర్చుంటుంటే వాళ్ల చోటు మీ చోటు కంటే ఇప్పుడు కాస్త ఎత్తుగా తెలుస్తుంది. అది మంచిదే, మీరు వెనక్కి జారకుండా ఆపుతుంది. ఎండలో బండి పెట్టేటప్పుడు సీటు మీద లేతరంగు గుడ్డ కప్పండి. రెగ్జిన్‌కూ మంచిది, ఫోమ్‌కూ మంచిది.

మొదటి వాన పడ్డాక ఒకసారి సీటు ఎత్తి, పలక కింద చెయ్యి పెట్టి తడిమి చూడండి. చెమ్మ తగిలితే నీళ్లు ఎక్కడో దారి చేసుకున్నట్టు. ఆ చోటు వెతికి, కుట్టు మీద అదే రబ్బరు జిగురు సన్నగా రాస్తే ఆగిపోతుంది.